యంత్రం ఇచ్చిన రంగు, మనం పెట్టిన పేరు

కంప్యూటర్ మీద పోస్టర్లు, పుస్తకాల అట్టలు, ఆహ్వాన పత్రికలు చేసేవాళ్లకు రంగులు ఏరుకోవడమే సగం పని. ఆ సగం పనిని తేలిక చేస్తామని ఇప్పుడు ఎన్నో సాధనాలు వచ్చాయి. స్పేస్‌బార్ ఒక్కసారి నొక్కితే తెర మీద అయిదు రంగులు పట్టీలుగా వచ్చి నిలబడతాయి. నచ్చకపోతే మళ్లీ నొక్కాలి, మరో అయిదు వస్తాయి. ఒక రంగు నచ్చితే దాని మీద తాళం బొమ్మ నొక్కి ఆపుకోవచ్చు, మిగిలిన నాలుగే మారతాయి. ఎవరూ ఆలోచించి ఇచ్చిన రంగులు కావవి. చిట్టీలు తీసినట్టు, పాచికలు వేసినట్టు, ఏది పడితే అది.

నాది దేవరకొండ వైపు ఒక లంబాడీ తాండా. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో చేరి అక్షరాలు కొట్టడంతో మొదలుపెట్టాను. అక్కడే డిజైన్ నేర్చుకున్నాను. ఇప్పుడు అదే నా బతుకుదెరువు. ఈ అయిదు రంగుల ఆట నా పనిలో రోజూ ఉండేదే. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఫోన్‌లోనే పండుగ పోస్టర్లు, పెళ్లి పత్రికలు, సేవాలాల్ మహరాజ్ జయంతి బ్యానర్లు చేస్తున్నారు. వాళ్లకూ, వాళ్లకు చదువు చెప్పే ఉపాధ్యాయులకూ ఈ ఆట లోపలి సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇది రంగుల సంగతి మాత్రమే కాదు. మన రంగులను ఎవరు నిర్ణయిస్తున్నారన్న సంగతి కూడా.

ముందు యంత్రం ఏం చేస్తుందో చూద్దాం. ఫోన్ తెర మీది ప్రతి చుక్కలో మూడు చిన్న దీపాలు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కో దీపం ఎంత వెలగాలో 0 నుంచి 255 వరకు ఒక అంకె చెబుతుంది. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. అంటే ఒక్కో దీపానికి 256 మెట్లు. 256ను మూడుసార్లు గుణిస్తే 1,67,77,216 రంగులు. మన ముందు ఇంత పెద్ద రాశి ఉంది. అందులోంచి కళ్లు మూసుకుని మూడు అంకెలు తీస్తే ఒక రంగు అవుతుంది. అలా అయిదుసార్లు తీస్తే ఒక పాలెట్.

కానీ ఇలా తీసిన రంగులు చాలాసార్లు బాగుండవు. మూడు అంకెలూ దగ్గర దగ్గరగా పడితే బూడిదరంగు వస్తుంది. కొద్దిగా తేడా ఉంటే వాననీళ్ల బురదలాంటి రంగు వస్తుంది. అందుకే మంచి సాధనాలు పూర్తిగా గాలికి వదిలేయవు, ఒక కట్టుబాటు పెట్టుకుంటాయి. రంగులన్నిటినీ ఒక చక్రం మీద పెట్టామనుకోండి. 0 డిగ్రీల దగ్గర ఎరుపు, 60 దగ్గర పసుపు, 120 దగ్గర ఆకుపచ్చ, 240 దగ్గర నీలం. 360కి వచ్చేసరికి మళ్లీ ఎరుపు. ఈ చక్రం మీద చోటును మాత్రం పాచికకు వదిలి, రంగు గాఢత, వెలుగు మన చేతిలో ఉంచుకుంటే బురద రాదు.

ఇంకో ఉపాయం ఉంది. మొదటి రంగును మాత్రం పాచికకు వదిలి, తర్వాతి ప్రతి రంగుకూ చక్రం మీద 137.5 డిగ్రీలు ముందుకు జరగడం. మొదట 20 పడిందనుకోండి, తర్వాత 157.5, ఆ తర్వాత 295. ఆపైన 432.5 కావాలి, చక్రం 360కే తిరిగి వస్తుంది కాబట్టి అది 72.5. తర్వాత 210. ఇటుక ఎరుపు, సముద్రపు పచ్చ, వంగపండు రంగు, చిలకపచ్చ, ఆకాశ నీలం వచ్చాయి. ఏ రెండూ ఒకదాని మీద ఒకటి పడలేదు. ఈ 137.5 డిగ్రీలు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. పొద్దుతిరుగుడు పువ్వులో గింజలు ఒకదాని తర్వాత ఒకటి సర్దుకునే కోణం కూడా అదే. చేలో రోజూ చూసే పువ్వు కంప్యూటర్ లెక్కలోకి వచ్చింది.

ఇంకో మాట. యంత్రం నిజంగా పాచిక వేయదు. ఒక అంకెతో మొదలుపెట్టి, లెక్క మీద లెక్క చేసుకుంటూ పోతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు అది పాచికలా కనిపిస్తుంది. ఆ మొదటి అంకెను ఇంగ్లిష్‌లో సీడ్ అంటారు, అంటే విత్తనం. అదే లెక్కకు అదే విత్తనం వేస్తే అవే రంగులు మళ్లీ వస్తాయి. సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునే పిల్లలు ఆ అంకెను ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. అయిదు రంగులు బాగా కుదిరిన రోజున వాటిని మళ్లీ పండించుకోవచ్చు. తీజ్ పండుగకు బుట్టలో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసే తాండా ఆడపిల్లలకు విత్తనం మాట ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇదంతా నేర్చుకున్నాక నాకు మా దాది గుర్తుకొచ్చింది. నాయన తల్లిని మేం దాది అంటాం. ఆమె దగ్గర ఒక గోనెసంచి ఉండేది. దాని నిండా గుడ్డముక్కలు. దర్జీ దగ్గర అడిగి తెచ్చినవి, చిరిగిన పాత ఫేట్యా నుంచి కత్తిరించినవి, ఎవరో ఇచ్చిన జాకెట్ ముక్కలు. ఏ రంగు ముక్క వస్తుందో ఆమె చేతిలో లేదు. దేవరకొండ సంతలో ఆ వారం దర్జీ ఏం కుట్టాడో దాన్నిబట్టే ఆమె సంచి నిండేది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఆమెది కూడా ర్యాండమ్ పాలెటే.

కానీ సంచిలోంచి తీసిన ముక్కలన్నీ ఆమె కుట్టేది కాదు. ముందు నేల మీద పరిచేది. కొంచెం దూరం జరిగి చూసేది. కొన్నిటిని మళ్లీ సంచిలో వేసేది, కొన్నిటిని పక్కన పెట్టేది. ఎరుపు ముక్క మాత్రం ఎప్పుడూ కదిలేది కాదు. అది ముందే తాళం వేసిన రంగు. మిగిలినవన్నీ దాని చుట్టూ మారేవి. ఎరుపు, నీలం పక్కపక్కన వస్తే రెండింటి మధ్య తెల్లదారంతో ఒక వరస కుట్టేది. ఎందుకని అడిగితే, "రెండూ కొట్టుకుంటాయి బిడ్డా, మధ్యల ఒకరు నిలబడాలె" అనేది.

ఆ మాటకు లెక్క ఉందని నాకు హైదరాబాద్‌లో తెలిసింది. రెండు రంగుల మధ్య వెలుగు తేడాను కొలిచే ఒక పద్ధతి ఉంది. ఇంటర్నెట్‌కు ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దాన్ని తన సూచనల్లో పెట్టింది. తెలుపు, నలుపు మధ్య తేడా 21. అంతకు మించి ఉండదు. ఒకే రంగును అదే రంగు మీద పెడితే 1. మామూలు సైజు అక్షరాలు హాయిగా చదవాలంటే అక్షరానికీ వెనక రంగుకూ కనీసం 4.5 తేడా ఉండాలంటారు. పెద్ద అక్షరాలకు 3 చాలు.

ఇప్పుడు దాది ముక్కలను ఈ కొలత మీద పెట్టి చూడండి. తెర మీది నిండు ఎరుపు, నిండు నీలం మధ్య తేడా 2.15 మాత్రమే. రెండూ ముదురే, అంచు తెలియదు, కంటికి అదురుతున్నట్టు ఉంటుంది. మధ్యలో తెలుపు వస్తే ఎరుపుకూ తెలుపుకూ 4, నీలానికీ తెలుపుకూ 8.59. ఆ ఒక్క దారం వరసతో రెండు రంగులూ ఎక్కడివక్కడ నిలబడతాయి. బడి మొహం చూడని మనిషి కంటితో కొలిచింది ఇదే. తెల్లకాగితం మీద పసుపు అక్షరాలు ఎందుకు కనిపించవో కూడా ఈ కొలతే చెబుతుంది. ఆ తేడా 1.07. అంటే దాదాపు లేనట్టే. అదే పసుపు నలుపు మీద పెడితే 19.56. ఎండలో నిలబడి పాత ఫోన్‌లో చదివే మన మనుషులకు ఈ తేడా చిన్నది కాదు. హాస్టల్ అడ్మిషన్ చివరి తేదీ లేతపచ్చ మీద తెల్ల అక్షరాల్లో రాస్తే, అది రాయనట్టే లెక్క.

యంత్రం ఇచ్చే అయిదు రంగులు అందంగా ఉండవచ్చు. కానీ వాటిలో ఏ రెండింటిని అక్షరానికి, నేలకు వాడితే చదవగలమో అది మనం చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా పట్టలేని కళ్లు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి, ముఖ్యంగా మగవాళ్లలో. రంగు ఒక్కదాని మీదే అర్థం మోపకుండా పక్కన ఒక గుర్తో, ఒక మాటో పెట్టాలి. ఇక తెర మీద మెరిసే ఆకుపచ్చ ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి వాడిపోతుంది. తెర వెలుగుతో రంగు చేస్తుంది, అచ్చు ఇంకుతో చేస్తుంది. అందుకే ఎక్కువ కాపీలు వేసేముందు ఒక చిన్న ముక్క ప్రింట్ తీసి, ఆరుబయట ఎండలో పట్టుకుని చూడటం మంచిది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కొన్నేళ్ల కింద ఒక కార్యాలయం వాళ్లు గిరిజన పిల్లల చదువు మీద ఒక బుక్‌లెట్ చేయమన్నారు. నేను ఎరుపు, నీలం, పసుపు వాడి మూడు నమూనాలు తీసుకెళ్లాను. అక్కడి అధికారి చూసి పక్కన పెట్టాడు.

"ఇట్ల కాదు. ట్రైబల్ లుక్ రావాలె. మట్టిరంగు, కాఫీరంగు వెయ్యి. ఆ డాన్స్ చేసే పుల్లల బొమ్మలు ఉంటయి గదా, అవి పెట్టు."

"సార్, అవి వార్లీ బొమ్మలు. మహారాష్ట్రవి. మన పిల్లలవి కావు."

"ఎవరివైతే ఏంది? నువ్వు ట్రైబలే గదా, నీకు తెల్వదా?"

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఆయన కళ్లకు ఆదివాసీ అంటే మట్టి. పేదరికం అంటే మట్టిరంగు. మా అమ్మల ఫేట్యా మీద అద్దాలు, గవ్వలు, ఎరుపు మీద పసుపు, దాని మీద నలుపు ఎండలో ఎట్లా మెరుస్తాయో ఆయన చూసి ఉండడు. ఆదిలాబాద్ గుస్సాడీల తలపాగా మీద నెమలి ఈకల నీలం, పచ్చ చూసి ఉండడు. మట్టిరంగు మనది కాదని కాదు. సవరల గోడ బొమ్మల్లో ఎర్రమట్టి నేల మీద బియ్యప్పిండి తెలుపు ఎంత చక్కగా నిలుస్తుందో చూస్తే తెలుస్తుంది. అది వాళ్ల ఎంపిక, వాళ్ల పూజకు సంబంధించిన పని. ఆ ఎర్రమట్టిని తీసుకొచ్చి కోయ, గోండు, లంబాడీ, చెంచు, ఎరుకల అందరి మీదా ఒకే పూత పూస్తే అది ఎంపిక కాదు, ముద్ర.

ఆ బుక్‌లెట్ పని వేరేవాళ్లకు వెళ్లింది. కానీ అప్పటినుంచి ఈ అయిదు రంగుల యంత్రం మీద నాకు ఒక రకమైన గౌరవం పుట్టింది. దానికి ట్రైబల్ లుక్ తెలియదు. ఆదివాసీ పిల్లల పుస్తకమని చెప్పినా, బంగారు నగల దుకాణమని చెప్పినా పాచిక ఒకలాగే పడుతుంది. మనుషులు మన చుట్టూ గీసిన గోధుమరంగు గీతను అది చూడదు. ఒకసారి అది నాకు ముదురు నీలం, కనకాంబరం రంగు, లేత ఉల్లిపొర రంగు ఇచ్చింది. వాటితో తాండా కథల పుస్తకానికి అట్ట చేశాను. చూసినవాళ్లు "ఇది గిరిజనుల పుస్తకమా?" అని ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం నాకు నచ్చింది.

అయితే యంత్రానికి చులకన లేనట్టే జ్ఞాపకం కూడా లేదు. ఏ రంగు ఏ ఊళ్లో ఏం చెబుతుందో దానికి తెలియదు. మన దగ్గర ఎన్నికల కాలంలో గులాబీ, కాషాయం, పసుపు, ఎరుపు ఏవీ ఉత్త రంగులు కావు. టీకాల పోస్టర్‌కు యంత్రం గులాబీ ఇచ్చిందని అదే వేస్తే, ఊళ్లో సగం మంది అది పార్టీ కాగితమని తలుపు వేసుకోవచ్చు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు వేసిన రంగుల తగాదా హైకోర్టు దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రంగు మీద కోర్టుకు వెళ్లే దేశంలో రంగును పాచికకు పూర్తిగా వదిలేయలేం. చావు కబురుకు, పెళ్లి పిలుపుకు, దేవుని జాతరకు ఏ రంగు తగదో ఊరి పెద్దవాళ్లను అడగాలి. యంత్రం అడగదు, అడగాల్సింది మనమే.

యంత్రానికి లేనిది ఇంకొకటి ఉంది, పేరు. దాని దగ్గర రంగుకు ఆరు అక్షరాంకెల గుర్తు మాత్రమే ఉంటుంది. రేషన్ కార్డు నంబర్ లాంటిది. మనుషులు మాత్రం పేరు పెట్టకుండా ఉండలేరు. చీరల దుకాణంలో వినండి: నెమలికంఠం, మెంతిరంగు, వంగపండు, చిలకపచ్చ, ఉల్లిపొర, ఇటుకరంగు. ఒక్కో పేరు వెనక ఒక చెట్టో పిట్టో ఉంది. తెలుగులో పచ్చ అనే మాటనే చూడండి. పచ్చగడ్డి అన్నప్పుడు అది ఆకుపచ్చ, పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు. కంప్యూటర్ చక్రం మీద 60 డిగ్రీల దగ్గర ఉన్నదీ, 120 దగ్గర ఉన్నదీ మన నోట్లో ఒకే మాట కింద చేరాయి. ప్రతి భాషా రంగుల చక్రాన్ని తన పద్ధతిలో ముక్కలు చేసుకుంటుంది. 1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే ఇద్దరు పరిశోధకులు ఎన్నో భాషల రంగుల పేర్ల మీద ఒక పుస్తకమే రాశారు. అందులోని వాదన మీద పండితుల చర్చ ఇంకా ఆగలేదు.

మా గోర్ బోలిలో రాతో అంటే ఎరుపు, పీళో అంటే పసుపు, కాళో అంటే నలుపు, ధోళో అంటే తెలుపు. హైదరాబాద్‌లో పుట్టిన మా అన్న పిల్లలకు ఈ నాలుగూ రావు. రెడ్, ఎల్లో అంటారు. తెలుగులో అడిగినా తడుముకుంటారు. భాష పోవడమంటే ఒకేరోజు తలుపు మూసుకోవడం కాదు. ముందు రంగుల పేర్లు పోతాయి, తర్వాత చెట్ల పేర్లు, ఆ తర్వాత వరసలు. అందుకే నేను యంత్రం ఇచ్చిన ప్రతి రంగుకూ ఒక పేరు పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఒక నారింజ ఎరుపు వస్తే మోదుగపువ్వు. మీగడలాంటి లేత పసుపు వస్తే ఇప్పపువ్వు. తెలుపులో లేత గులాబీ కలిసిన రంగు వస్తే రెండోరోజు పత్తిపువ్వు, ఎందుకంటే పత్తిపువ్వు విచ్చిన మర్నాటికి గులాబీకి తిరుగుతుంది. చేలో పనిచేసినవాళ్లకు ఆ పేరు చెబితే చాలు, రంగు కళ్ల ముందుకు వస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఇది తరగతిలో చేయించవచ్చు, కంప్యూటర్ ఒక్కటే ఉన్నా సరిపోతుంది. రెండు పాచికలు తీసుకోండి. మొదటి పాచిక మీద పడిన అంకెలోంచి 1 తీసేసి 60తో గుణించండి. రెండో దానిలోంచి 1 తీసేసి 10తో గుణించండి. రెండూ కలపండి. మొదటిది 4, రెండోది 3 పడితే 180, 20 కలిసి 200. అది చక్రం మీద ఆకాశ నీలం. ఇలా 36 చోట్లు వస్తాయి. గాఢత 60 శాతం, వెలుగు 45 శాతం పెట్టి కంప్యూటర్‌లో చూపించండి. లెక్కల పీరియడ్ కూడా అయిపోతుంది. అయిదు రంగులు వచ్చాక పిల్లలను మూడు పనులు చేయమనండి: ఒకదానికి తాళం వేయాలి, ఒకదాన్ని వదిలేయాలి, ప్రతిదానికీ తమ ఇంటి భాషలో పేరు పెట్టాలి. కోయ పిల్ల కోయలో, గోండు పిల్లవాడు గోండిలో, సవర పిల్ల సవరలో. పేరు తెలియకపోతే ఇంటికెళ్లి అవ్వను అడిగి రమ్మనండి. అది మంచి హోంవర్క్.

కంప్యూటర్ అసలే లేకపోతే దర్జీ దగ్గర ముక్కలు తెచ్చి ఒక సంచిలో వేయండి. చూడకుండా అయిదు తీయించండి. ఫలితంలో పెద్ద తేడా ఏమీ ఉండదు.

డిజైన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇదే. యంత్రం ఇచ్చే రంగులకు భయపడొద్దు, అవి ఎవరి సొత్తూ కావు. మట్టిరంగులోనే ఉండమని మీకు చెప్పేవాళ్ల మాట వినకండి. మన అమ్మల రంగులే వాడాలని మిమ్మల్ని కట్టేసేవాళ్ల మాట కూడా వినకండి. ఆ అమ్మలు కూడా దొరికిన ముక్కలతోనే కొత్తవి చేశారు. కానీ ఏ రంగు ఉండాలి, ఏది పోవాలి, దాన్ని ఏమని పిలవాలి అన్నది మాత్రం మీరే తేల్చండి. యంత్రానికైనా, పైనున్న సారుకైనా దాన్ని అప్పగించకండి.